ఏటీఆర్ పైలట్ అవ్వాలంటే: డబ్బు కట్టే ముందు నుంచి మొదటి జీతం దాకా

ఊరెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు వాళ్ల అబ్బాయినో అమ్మాయినో వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తారు. "పైలట్ అవుతానంటున్నాడండీ, ఎంతవుతుంది, ఎక్కడ చేర్పించమంటారు" అని అడుగుతారు. కాఫీ తాగేలోపు చెప్పేసే విషయం కాదిది, అందుకే కూర్చుని వరసగా రాస్తున్నాను. నేను నడిపేది పెద్ద జెట్ కాదు. ఏటీఆర్ 72-600, రెండు రెక్కల మీద రెండు పంకాలు తిరిగే విమానం. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, తిరుపతి, విజయవాడ లాంటి ఊళ్లకి గంట, గంటంపావు ప్రయాణాలు. ముందే చెప్పేస్తున్నాను, ఈ ఉద్యోగం నాకు చాలా ఇష్టం, మీ పిల్లల్ని చేయమనే చెబుతాను. కాకపోతే ఇంటికి ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని తాకట్టు పెట్టి రమ్మని మాత్రం ఎవరికీ చెప్పను. కింద రాసిన పనులన్నీ ఆ వరసలోనే చేయండి, వరస తప్పినవాళ్లే ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నారు.

ముందు ఒక టికెట్ కొనండి

నవ్వులాటకి చెప్పడం లేదు. యాభై అరవై లక్షలు పెట్టబోయే ముందు మూడు నాలుగు వేలు పెట్టి ఏటీఆర్‌లో హైదరాబాద్ నుంచి ఏదో ఒక ఊరికి వెళ్లిరండి. పెద్ద విమానాలకి ముందు తలుపు నుంచి ఎక్కుతాం, దీనికి వెనక తలుపు నుంచి ఎక్కిస్తారు, సామాన్లు ముందు భాగంలో పెడతారు. కిటికీ దగ్గర, పంకా కనబడేలా కూర్చోండి. నేల మీద ఆగి ఉన్నప్పుడు కుడివైపు ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది గానీ దాని ప్రొపెల్లర్ మాత్రం కదలదు, గమనించండి. దాన్ని మేం హోటల్ మోడ్ అంటాం. జెట్‌లకి తోకలో చిన్న జనరేటర్ ఇంజిన్ ఒకటి వేరే ఉంటుంది, ఏటీఆర్‌కి అది లేదు, అందుకని కుడి ఇంజిన్‌నే నడిపి ప్రొపెల్లర్‌కి బ్రేక్ వేసి, ఆ కరెంటుతో, ఆ గాలితో ఏసీ నడిపిస్తాం.

ఆ తర్వాత అసలు పరీక్ష గాల్లో ఉంటుంది. ఈ విమానం 25 వేల అడుగులు దాటి వెళ్లదు, మా చిన్న దూరాలకి సాధారణంగా పదిహేడు పద్దెనిమిది వేల దగ్గరే ఉంటాం, అంటే ఎయిర్‌బస్ లాంటి పెద్ద జెట్‌ల వాళ్లు మేఘాల పైనుంచి దాటుకుపోయే చోట మేం వాటి పక్క నుంచో మధ్య నుంచో దారి వెతుక్కుంటాం. మే నెల మధ్యాహ్నం కుదుపులు ఎలా ఉంటాయో ఒంటికి తెలియాలి. ఆ కుదుపుల్లో కూడా మీ చూపు కిటికీ బయటే ఉంటే, ఇక కింది పని మొదలుపెట్టండి.

ఎవరికీ రూపాయి కట్టకముందే మెడికల్

మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. నాతోపాటు అడ్మిషన్ తీసుకున్న ఒక కుర్రాడు రెండు లక్షలు అడ్వాన్స్ కట్టాక మెడికల్‌కి వెళ్లాడు. రంగు చుక్కల పుస్తకం తిప్పుతుంటే ఆకుపచ్చ చుక్కల్లో ఉన్న అంకె అతనికి కనబడలేదు. పద్దెనిమిదేళ్లు వచ్చాయి, తనకి రంగులు సరిగ్గా తెలియవన్న సంగతి ఆ రోజు దాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ స్కూలు డబ్బు వెనక్కివ్వలేదు. ఆ రోజు బస్టాండ్‌లో వాళ్ల నాన్న ఏమీ మాట్లాడకుండా కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

కాబట్టి మొదట డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించుకోండి. ఆ డాక్టర్ల జాబితా డీజీసీఏ సైట్‌లోనే ఉంటుంది, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. అది పాసయ్యాక ఆగకుండా క్లాస్ 1 కూడా చేయించండి, ఎందుకంటే రేపు కమర్షియల్ లైసెన్సుకి, అంటే జీతానికి విమానం నడిపే లైసెన్సుకి, కావాల్సింది అదే. దీన్ని ఢిల్లీ, బెంగళూరుల్లోని వైమానిక దళ కేంద్రాల్లోనూ, గుర్తింపు ఉన్న కొన్ని ఆసుపత్రుల్లోనూ చేస్తారు. రక్తం, షుగరు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, చెవుల పరీక్ష, కళ్లు, అన్నీ చూస్తారు. కళ్లజోడు ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు, అద్దాలతో చూపు సరిగ్గా వస్తే చాలు. అమ్మాయిలైతే హిమోగ్లోబిన్ ముందే చూపించుకోండి, తక్కువుంటే రెండు మూడు నెలలు తిండి సరిచేసుకుని అప్పుడు వెళ్లండి. పాత ఆపరేషన్లు, ఫిట్స్, ఉబ్బసం లాంటివి ఉంటే దాచకండి, కాగితాలు తీసుకుని వెళ్లండి. దాచినది తర్వాత బయటపడితే పోయేది ఒక్క మెడికల్ మాత్రమే కాదు.

చదువు సంగతి ఒక్క ముక్కలో: ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. ఎంపీసీ వాళ్లకి ఇబ్బంది లేదు. కామర్స్ చదివినవాళ్లు ఆ రెండు సబ్జెక్టులూ ఓపెన్ స్కూల్లో రాసి వస్తున్నారు. కమర్షియల్ లైసెన్సుకి పద్దెనిమిదేళ్లు నిండాలి.

పరీక్షలు ఇంట్లో కూర్చునే రాసేయండి

నేవిగేషన్, మెటియొరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. ఇవే పేపర్లు. ఒక్కోదానిలో 70 శాతం రావాలి. చాలామంది ఫ్లయింగ్ స్కూల్లో చేరి, హాస్టల్ ఫీజు కడుతూ, ఈ పుస్తకాలు అక్కడ చదువుతారు. అలా చేయకండి. మెడికల్ అవగానే డీజీసీఏలో కంప్యూటర్ నంబర్ (ఈ పరీక్షలు రాయడానికి ఇచ్చే గుర్తింపు నంబర్) తీసుకుని, ఆరేడు నెలలు ఇంట్లోనో హైదరాబాద్‌లో గ్రౌండ్ క్లాసులకి వెళ్తూనో పేపర్లు పూర్తిచేసుకోండి, టెక్నికల్ స్పెసిఫిక్ ఒక్కటి మాత్రం మీరు నడపబోయే ట్రైనింగ్ విమానం ఏదో తేలాక రాయండి. దీనికయ్యేది రెండు మూడు లక్షలే. పేపర్లు పాస్ కాలేకపోతే అక్కడితో ఆగొచ్చు, పెద్ద డబ్బు ఇంకా చేతిలోనే ఉంటుంది. ఇంజనీరింగ్ చేస్తూ పక్కన ఇవి రాసినవాళ్లు కూడా నాకు తెలుసు.

మన పిల్లలకి నేవిగేషన్ లెక్కలు కష్టం కాదు, ఎంసెట్‌కి చదివిన బుర్రలు. మెటియొరాలజీ దగ్గరే బట్టీ పడతారు. అక్కడ మాత్రం అర్థం చేసుకుని చదవండి, ఎందుకంటే జనవరిలో పొద్దున్నే రాజమండ్రి మీద పొగమంచు ఎందుకు కూర్చుంటుందో, ఎన్నింటికి లేస్తుందో అన్నది మీకు తర్వాత రోజువారీ పని అవుతుంది. గోదావరి పక్కన తడి నేల, రాత్రి తేటగా ఉన్న ఆకాశం, గాలి లేకపోవడం, ఈ మూడూ కలిస్తే తెల్లారేసరికి రన్‌వే కనబడదు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది, కాక్‌పిట్‌లో అదే ఎంత ఇంధనం పోయించాలన్న నిర్ణయం.

వీటితోపాటు ఆర్టీఆర్ అనే రేడియో పరీక్ష ఉంది. తెలుగు మీడియం పిల్లలు దీన్ని చూసి బెదిరిపోతారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. రేడియోలో మాట్లాడేది ఇంగ్లీషే అయినా అది సాహిత్యం కాదండీ, ఒక రెండు మూడు వందల మాటలు, ఏ మాట తర్వాత ఏ మాట రావాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. రోజూ ఉదయం అరగంట గట్టిగా పైకి చదవండి, ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. లైసెన్సు మీద ఇంగ్లీషు స్థాయి కనీసం 4 ఉండాలి, దానికి స్పష్టంగా, తడబడకుండా మాట్లాడితే చాలు, యాస గురించి ఎవరూ పట్టించుకోరు.

స్కూలు ఎంచుకోవడం

ఇక్కడే కుటుంబాలు దెబ్బతినేది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ప్రభుత్వం నడిపేది రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో ఉంది, ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ. దానికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, అయినా తప్పకుండా రాయండి. మన దగ్గర బేగంపేటలో అకాడమీలు ఉన్నాయి, మహారాష్ట్రలో గోండియా, బారామతి, ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగిరి ఉండాలి, ఇండియాలో అవి పూర్తిచేయడానికి సుమారు యాభై నుంచి అరవై లక్షలు అనుకోండి, ఉండటం, తినడం వేరే. ఎయిర్‌లైన్ కంపెనీలే నడిపే కేడెట్ ప్రోగ్రాములైతే టైప్ రేటింగ్‌తో (ఫలానా రకం విమానం నడపడానికి చేసే ప్రత్యేక శిక్షణతో) కలిపి కోటి దాటుతుంది, బదులుగా ఉద్యోగం మీద కాస్త భరోసా ఉంటుంది. అమెరికా, దక్షిణాఫ్రికా వెళ్లి గంటలు పూర్తిచేసుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. త్వరగా అవుతుంది, కానీ ఇక్కడికి వచ్చాక డీజీసీఏ పేపర్లు ఎలాగూ తప్పవు, లైసెన్సు మార్పిడికి మళ్లీ కొన్ని నెలలు పడుతుంది.

స్కూలు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆఫీసులో ఏసీ గదిలో కూర్చోబెట్టి బ్రోచర్ ఇస్తారు. అది తీసుకుని పక్కన పెట్టి, హ్యాంగర్‌కి నడవండి. ఎన్ని విమానాలు ఉన్నాయన్నది ప్రశ్న కాదు, ఈ రోజు ఎన్ని ఎగురుతున్నాయన్నది ప్రశ్న. ఇంజిన్ కవర్ తీసేసి టైర్లలో గాలి లేకుండా దుమ్ముపట్టి ఉన్న సెస్నా ట్రైనింగ్ విమానాన్ని కూడా బ్రోచర్‌లో లెక్క వేస్తారు. ఆ తర్వాత మెస్‌కి వెళ్లి భోజనం చేస్తున్న పిల్లల పక్కన కూర్చుని మూడే ప్రశ్నలు అడగండి: ఎప్పుడు చేరావు, ఇప్పటికి ఎన్ని గంటలయ్యాయి, గత నెలలో ఎన్ని గంటలు ఎగిరావు. ఏడాది కిందట చేరినవాడు నలభై గంటలు అంటే మీరు సంచి తీసుకుని వచ్చేయండి. ఏడాదిలో పూర్తవుతుందని చెప్పిన కోర్సు నాకు రెండేళ్లు పట్టింది. ఒక వర్షాకాలం మొత్తం, నాలుగు నెలలు, విమానం విడిభాగం కోసం ఎదురుచూస్తూ హాస్టల్లో క్యారమ్స్ ఆడాను. నెలకి పదిహేను వేలు ఖర్చవుతూనే ఉంది.

ఫీజు మొత్తం ఒకేసారి కట్టొద్దు. డిస్కౌంట్ ఇస్తామంటారు, అయినా వద్దు. ఎగిరిన గంటలని బట్టి వాయిదాల్లో కట్టేలా కాగితం మీద రాయించుకోండి. మధ్యలో ఏజెంట్ ఎవరైనా ఉంటే అతనికి ఎంత ముడుతుందో అడగండి, చెప్పడానికి ఇబ్బంది పడితే నేరుగా స్కూలుతోనే మాట్లాడుకోండి.

లోను గురించి నిజంగా లెక్క వేయండి

ఒక కాగితం తీసుకోండి. 70 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు. నెలకి సుమారు 96 వేలు వాయిదా వస్తుంది. ఏటీఆర్‌లో కొత్తగా చేరిన కో-పైలట్ చేతికి మొదట్లో వచ్చేది, కంపెనీని బట్టి, ఎగిరిన గంటల్ని బట్టి, లక్షకు కాస్త అటూ ఇటూ. అంటే తిండికి, అద్దెకి మళ్లీ నాన్ననే అడగాలి. కమాండర్, అంటే కెప్టెన్, అయ్యాక జీతం మూడు నాలుగు రెట్లు అవుతుంది, అప్పుడు ఊపిరి పీల్చుకుంటారు, కానీ దానికి కొన్నేళ్లు పడుతుంది. పైగా లైసెన్సు వచ్చిన రోజుకీ ఉద్యోగం వచ్చిన రోజుకీ మధ్య ఖాళీ ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు. నాకు పంతొమ్మిది నెలలు. ఆ పంతొమ్మిది నెలల వడ్డీ మా అమ్మ బంగారం కట్టింది.

కాబట్టి నేను పెట్టుకున్న హద్దు ఇది: రెండేళ్లు ఉద్యోగం లేకపోయినా ఇల్లు, పొలం చేజారకుండా వాయిదాలు కట్టగలిగితే రండి. కట్టలేమంటే డిగ్రీ పూర్తిచేసి, ఏదో ఒక ఉద్యోగం చేసి, నాలుగైదేళ్లు కూడబెట్టి అప్పుడు రండి. ఇరవై ఏడో ఏట మొదలుపెట్టి ఈ రోజు నా పక్క సీట్లో కూర్చునే సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఉన్నాడు. ఎయిర్‌లైన్‌లో 65 ఏళ్ల దాకా ఎగరొచ్చు, కాబట్టి కంగారు పడాల్సిన వయసు కాదది.

ఇంకో సంగతి కూడా ఇంట్లో చెప్పుకోవాలి. మన ప్రాంతీయ ఎయిర్‌లైన్స్ ఎప్పుడూ గట్టి నేల మీద లేవు. హైదరాబాద్ కేంద్రంగా ట్రూజెట్ 2015లో ఏటీఆర్‌లతో మొదలైంది, 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకి విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ఎగిరిన రోజు కడపకీ నాందేడ్‌కీ అదే వెళ్లింది, 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఇప్పుడు ఇండిగో, అలయన్స్ ఎయిర్, గోవా నుంచి 2024లో మొదలైన ఫ్లై91 ఏటీఆర్‌లు నడుపుతున్నాయి, స్టార్ ఎయిర్‌కి చిన్న ఎంబ్రయర్ జెట్‌లు ఉన్నాయి. ఒక కంపెనీ మూతపడితే ఇంకో దానికి వెళ్లొచ్చు, మధ్యలో ఆరు నెలలు జీతం రాకపోతే ఎలా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

ఎగిరే రోజుల్లో

200 గంటల్లో 100 గంటలు మీరు ఒక్కరే బాధ్యులుగా ఎగరాలి, దాన్నే పీఐసీ అంటారు. 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి, మధ్యలో రెండు వేరే ఎయిర్‌పోర్టుల్లో దిగుతూ చేయాలి. రాత్రిపూట ఐదు గంటలు, పది టేకాఫులు, పది ల్యాండింగులు. ఈ 200 గంటలూ అప్లికేషన్‌కి ముందు ఐదేళ్లలోపు చేసినవై ఉండాలి.

పొద్దున్న మొదటి స్లాట్ ఎప్పుడూ వదులుకోకండి. పదకొండు దాటితే ఎండకి నేల వేడెక్కి చిన్న విమానం గాలిపటంలా ఊగుతుంది. ప్రతి రాత్రీ లాగ్‌బుక్ మీరే రాసుకోండి, ఒక్క నిమిషం కూడా ఎక్కువ వేయకండి. ఎగరని గంటలు రాసిపెడతామని చెప్పేవాళ్లు మీకు ఎదురవుతారు. 2011లో నకిలీ మార్కుల కాగితాలతో లైసెన్సు తెచ్చుకున్న పైలట్లు బయటపడ్డప్పుడు దేశమంతా లాగ్‌బుక్కులు తిరగేశారు. అది అలా ఉంచండి, లేని గంట మీ చేతికి ఏమీ నేర్పదు, అసలు నష్టం అక్కడుంది.

టైప్ రేటింగ్, మొదటి సిమ్యులేటర్

లైసెన్సు చేతికొచ్చాక ఎయిర్‌లైన్ ప్రకటనల కోసం చూస్తూ కూర్చోకుండా పేపర్లు మళ్లీ చదువుతూ ఉండండి, ఎందుకంటే పిలుపు వస్తే పది రోజుల వ్యవధే ఇస్తారు. రాత పరీక్ష, చేతి కళ్ల సమన్వయం చూసే కంప్యూటర్ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఏటీఆర్ టైప్ రేటింగ్ ముందే సొంత డబ్బుతో చేయొద్దని నా సలహా. మరో పది పదిహేను లక్షలు పోతాయి, ఆ సర్టిఫికెట్ పెట్టుకుని ఉద్యోగం లేనివాళ్లు ఉన్నారు. కంపెనీ తీసుకుంటున్నట్టు లెటర్ ఇచ్చాకే చేయండి. బాండ్ ఉంటే ఎన్నేళ్లో, మధ్యలో వెళ్తే ఎంత కట్టాలో చదివి సంతకం పెట్టండి. కో-పైలట్ ఉద్యోగం మానేయాలంటే ఆరు నెలలు, కమాండర్ అయితే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలని డీజీసీఏ నిబంధనే ఉంది, అదీ తెలిసుండాలి.

సిమ్యులేటర్ అంటే నేల మీదే ఉండే నకలు కాక్‌పిట్. అందులో నా మొదటి సెషన్ రాత్రి రెండు గంటలకి. టేకాఫ్ మధ్యలో ఎడమ ఇంజిన్ ఆపేశారు. ఏటీఆర్‌లో ఆ క్షణం చచ్చిన ఇంజిన్ ప్రొపెల్లర్ తనంతట తానే అంచు తిప్పుకుని గాలికి అడ్డు తగలకుండా నిలబడుతుంది, బతికున్న ఇంజిన్ తనంతట తానే శక్తి పెంచుకుంటుంది. మిగిలినదంతా మీ కాలి మీద. ముక్కు ఎడమకి లాగేస్తుంటే కుడి పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఈ విమానంలో తోక మీది రడ్డరు, రెక్కల చివర ఉండే ఎయిలరాన్లు హైడ్రాలిక్ సాయం లేకుండా తీగలతో కదులుతాయి, అంటే గాలి బరువు నేరుగా మీ పాదానికి, చేతికి తెలుస్తుంది. నా మోకాలు వణికిపోయింది. సీటు ఒక గడి ముందుకి జరుపుకోవాల్సిందని ఇన్‌స్ట్రక్టర్ నెమ్మదిగా చెప్పారు. మీరూ గుర్తుంచుకోండి, పెడల్ చివరి దాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండేలా సీటు సర్దుకోవాలి.

చేతులకీ ఒక క్రమశిక్షణ నేర్చుకోండి. 2023 జనవరి 15న నేపాల్‌లో పోఖరా దగ్గర ఏటీఆర్ కూలి 72 మంది చనిపోయారు. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) లీవర్ కదపాల్సిన సమయంలో ప్రొపెల్లర్లను నియంత్రించే కండిషన్ లీవర్లు కదిలాయని, రెండు ప్రొపెల్లర్లూ శక్తి ఇవ్వని స్థితికి వెళ్లిపోయాయని దర్యాప్తు తేల్చింది. ఫ్లాప్స్ లీవర్, కండిషన్ లీవర్లు పక్కపక్కనే ఉంటాయి. అప్పటి నుంచి నేను ఏ లీవర్ అయినా కళ్లతో చూసి, వేలితో తాకి, పేరు పలికి, అప్పుడు కదుపుతాను. నా పక్కన కూర్చునే ప్రతి కొత్త కో-పైలట్‌కీ మొదటి రోజే ఇది చూపిస్తాను.

ఉద్యోగంలో చేరాక

సిమ్యులేటర్ తర్వాత ఖాళీ విమానంతో టేకాఫులు, ల్యాండింగులు చేయిస్తారు, ఆ తర్వాత ప్రయాణికులతో లైన్ ట్రైనింగ్. మొదట్లో అంతా ఆలస్యంగా చేస్తున్నట్టు అనిపిస్తుంది, అందరికీ అంతే. నలభై నిమిషాల సెక్టార్‌లో, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక ప్రయాణంలో, పైకి ఎక్కేలోపే దిగడానికి సిద్ధం కావాలి. కాబట్టి తర్వాతి ఊరి రన్‌వే, అక్కడి వాతావరణం, గో-అరౌండ్ అయితే, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవాల్సి వస్తే, ఎటు వెళ్లాలి, ఇవన్నీ ముందు రోజు రాత్రే ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. నా దగ్గర అలాంటివి పద్నాలుగు ఉన్నాయి.

రోజుకి నాలుగు సెక్టార్లు, ఒక్కోసారి ఆరు. ఇక్కడే నేను ఈ ఉద్యోగాన్ని గట్టిగా సమర్థిస్తాను. దూరప్రయాణాల పెద్ద విమానంలో ఉన్న నా స్నేహితుడికి నెలలో వచ్చే ల్యాండింగులు నాకు రెండు మూడు రోజుల్లో వస్తాయి. ఏటీఆర్‌లో ఆటోథ్రాటిల్ లేదు, ఇంజిన్ శక్తిని మనమే చేత్తో సర్దుకోవాలి. పక్కగాలిలో చిన్న రన్‌వే మీద దించడం, గాలివాన ముందు దారి మార్చుకోవడం, ఇవన్నీ రోజూ చేతిలో పడతాయి. కో-పైలట్ వైపు ముక్కు చక్రం తిప్పే హ్యాండిల్ ఉండదు, నేల మీద నడపడం కమాండర్ పనే, ఆ సమయంలో మీరు చూడటం నేర్చుకోండి. 1500 గంటలు, 21 ఏళ్లు, ఏటీపీఎల్ పరీక్షలు పూర్తయితే కెప్టెన్ లైసెన్సుకి దారి తెరుచుకుంటుంది. ఏటీఆర్‌లో ఎడమ సీటు, అంటే కమాండర్ సీటు, తరచుగా ఎయిర్‌బస్ కన్నా ముందే వస్తుంది.

అలసట నిజం. సెలవుల మాట ఎత్తితే, 2025 జులై నుంచి వారానికి వరసగా 48 గంటల విశ్రాంతి ఇవ్వాలన్న నిబంధన వచ్చింది, అంతకు ముందు 36 గంటలే. ల్యాండింగులు పెరిగే కొద్దీ డ్యూటీ గంటలు తగ్గుతాయి, ఏడాదికి ఎగిరేది 1000 గంటలు దాటకూడదు. రోస్టర్ (డ్యూటీల పట్టిక) రాగానే ముందు ఈ లెక్క చూసుకోండి. నిద్ర చాలలేదనిపిస్తే ఎగరలేనని చెప్పండి. మొదటిసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు, చెప్పాక ఏమీ కాలేదు, మీరు అంత కాలం ఆగొద్దు.

డ్యూటీకి ముందు ఊపిరి పరీక్ష ఉంటుంది, మద్యం సున్నా ఉండాలి. మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్సు పక్కన పెడతారు. తాగనివాళ్లు కూడా జాగ్రత్తపడాలి, మౌత్‌వాష్ వాడొద్దు, ఆల్కహాల్ కలిసిన హోమియో మందు ఆ పూట వేసుకోవద్దు. మా బాత్రూమ్‌లో మౌత్‌వాష్ సీసా ఉండదు, చుట్టాలొచ్చినా తెచ్చుకోవద్దని చెబుతాం.

ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. సంక్రాంతికి ఊళ్లన్నీ నిండిపోయే రోజుల్లోనే మాకు విమానాలు ఎక్కువ. అయిదు సంక్రాంతుల్లో మూడు నేను రాజమండ్రి రన్‌వే దాకా వెళ్లి, ఇరవై అయిదు నిమిషాలు ఆగి, వెనక్కి వచ్చేశాను, అక్కడి నుంచి మా ఊరు గంటన్నర దూరం. పెళ్లి చూపుల్లో ఈ సంగతి దాచకండి. అమ్మాయిల తల్లిదండ్రులు భద్రత గురించి అడుగుతారు, మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం మంది మహిళలు, ప్రపంచంలో ఎక్కువ శాతం ఉన్న దేశాల్లో మనది ఒకటి, మా బేస్‌లోనే కమాండర్లుగా చేస్తున్న ఆడవాళ్లు ఉన్నారు.

మరి ఎందుకు చేయమంటున్నానంటే, ఒక్క ఉదయం చెబుతాను. జనవరి, మొదటి ఫ్లయిట్, రాజమండ్రి. అనుకున్నట్టే పొగమంచు. అరగంట గాల్లో చక్కర్లు కొట్టేంత ఇంధనం అదనంగా పోయించుకుని వెళ్లాం. కింద తెల్లగా పాల మీగడలా ఉంది, గోదావరి మీది కమాను వంతెన పైభాగం ఒక్కటే బయటికి కనబడుతోంది. ప్రయాణికులకి నేను మైకులో తెలుగులోనే చెప్పాను, మంచు లేస్తే దిగుతాం, లేకపోతే హైదరాబాద్ తిరిగెళ్దాం, కంగారు పడకండి అని. ఇరవై రెండో నిమిషానికి విజిబిలిటీ సరిపోయింది, దిగాం. అందరూ దిగిపోయాక చివర్లో ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని మెట్ల కింద నిలబడింది. "మన భాషలో చెప్పావు బాబూ, లేకపోతే గుండె ఆగిపోయేది" అంది. ఆమెకి విమానం అదే మొదటిసారట, హైదరాబాద్ ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్తోంది. కుడి ఇంజిన్ హోటల్ మోడ్‌లో గుయ్‌మంటోంది, తడిసిన నేల వాసన, ఇంకో పదిహేను నిమిషాల్లో మళ్లీ బయల్దేరాలి.

కొన్నేళ్లయ్యాక మీకూ ఎయిర్‌బస్‌కి మారే అవకాశం వస్తుంది. జీతం పెరుగుతుంది, ఇంటికి లోను భారం ఉంటే మారండి, తప్పేమీ లేదు. మారే ముందు మాత్రం అక్కడ మళ్లీ కుడి సీట్లో, కో-పైలట్‌గా, ఎన్నేళ్లు కూర్చోవాలి, బేస్ ఎక్కడిస్తారు, సీనియారిటీ ఎక్కడ నుంచి లెక్క వేస్తారు, ఈ మూడూ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నేను రెండుసార్లు ఆ ఫారం తెచ్చుకున్నాను, రెండుసార్లూ నింపకుండానే తిరిగిచ్చాను. రేపు పొద్దున్న నాలుగున్నరకి పికప్ ఉంది, మొదటి సెక్టార్ తిరుపతి.